పరగడుపున

ఉరవకొండలో బస్టాండు వెనక సందు,
మెట్లెక్కితే ఎడమ పక్క గది. రక్తం తీసేది నేనే.
పొద్దున్నే వచ్చి కూర్చున్నాడు పెన్నోబులేసు,
చొక్కా చేయి మడిచి, మొహం గోడకు తిప్పి.

మూడు నెలలుగా పొడి తాగుతున్నాడు.
ఒక చెంచా, పరగడుపున, గోరువెచ్చని నీళ్ళతో.
డబ్బా మీద చేతులు జోడించిన అన్న బొమ్మ.
లోపల ఏముందో మాత్రం రాసి లేదు.
"అన్న ఇచ్చినాడు, ఇంకేం రాయల్ల?"

మాత్రలు మానేసినావా అంటే
"ఆ డాక్టరు వాళ్ళ మనిషి గదమ్మా" అన్నాడు.
డాక్టరు ఎవరికి ఓటేసినాడో నాకు తెలీదు.
ఆయన కుర్చీ వెనక క్యాలెండరు మాత్రం
వాళ్ళ జెండా రంగే.
పురుగుమందుల కంపెనీది.

ఎదురింటి సుంకన్న ఆ పొడి విషమంటాడు.
తెలిసి కాదు. ఇచ్చినోళ్ళను చూసి.
ఆయనింట్లో వేరే సీసా,
వాళ్ళ మండల నాయకుడి వియ్యంకుడు కాచిన కషాయం,
గడియారం చూసుకుని రెండు పూటలా.
నా బల్ల మీద ఇద్దరి గొట్టాలూ పక్కపక్కనే ఉంటాయి.
ఒకసారి పేరు చీటీలు ఊడిపోయినాయి.
ఏది ఎవరిదో తెలీక
మళ్ళీ పిలిపించి పొడిచినాను.

నేనేం తక్కువ కాదు.
మా వాళ్ళు పంచిన నూనె
ఆరు నెలలు మా అమ్మ మోకాళ్ళకు రుద్దినాను.
తగ్గిందా అని వీధిలో అడిగితే
తగ్గిందనే చెప్పినాం ఇద్దరం.
వాళ్ళ ముందర తగ్గలేదని ఎట్లంటాం?

"మగ్గం గుంటలో కాలికి మేకు దిగిందమ్మా,
నొప్పే తెలీలేదు. పొడి మహిమ చూడు."
వేలికి కట్టింది చీర అంచు గుడ్డ,
జరీ ఇంకా మెరుస్తా ఉంది.

మూడు వందల నలభై ఆరు.
కాగితం చదివి, మిషన్ వైపు చూసినాడు.
దాని నెత్తిన రేకు ముక్క:
వితరణ అని, కింద మాజీ పేరు.
"అదీ సంగతి" అని కాగితం నాలుగు మడతలు పెట్టినాడు.

మెట్లు దిగుతుంటే ఒక్క చెప్పే చప్పుడైంది.
రెండోది పైమెట్టు మీదే ఉండిపోయింది,
కాలికి తెలీలేదు.
అది చేత్తో పట్టుకుని నేను వెంట పరిగెత్తినాను.
ఆడమనిషి, చేతిలో చెప్పు, ముందర పెన్నోబులేసు:
బజారంతా ఆగి చూసింది,
నేనే పార్టీ దాన్నో అని.