అయిదు కుంచాలు

కాకినాడలో మా ల్యాబ్ కిటికీ సరిగా మూతపడదు.
శ్రావణం ముసురు ఆ సందులోంచి
అడక్కుండా వచ్చి కూర్చుంటుంది.

బల్లమీద పది గ్రాముల అల్యూమినా,
సేమ్యా తుంపుల్లా తెల్లగా.
లోపలి బొరియల గోడలన్నీ విప్పి పరిస్తే
అరెకరం.
మా కోటిపల్లి లెక్కలో అయిదు కుంచాలు.
మా ఇంట్లో ఎవరికీ ఎప్పుడూ లేనంత నేల
అరచేతిలో పోసుకుని నిలబడ్డాను.

ఈ నేలకి నీరు పెట్టాలి.
ముందు మాలిబ్డినం. అది ఆరాక కోబాల్టు,
దానిమ్మ గింజ రంగు నీళ్ళు.
కాలవ తెగినట్టు పోయకూడదు.
చుక్క. కలియబెట్టి మళ్ళీ చుక్క.
ప్రతి మూలా తడవాలి, గట్టు పొర్లకూడదు.
పలుకు పలుకుని అంటుకునే క్షణానికి
ఒక్క పిసరు ముందు చెయ్యి ఆగిపోవాలి.

"అటుకులు తడపడం రాదా అమ్మా నీకు?" అంది
గాజుసామాను కడిగే పల్లాలమ్మ.
పుస్తకంలో రెండు పేజీలున్నది
ఆవిడ నోట్లో ఒక్క ముక్క.

అయినా మూడుసార్లు చెడింది.
ఆరు మిల్లీలీటర్లు తాగాల్సినది
అయిదు దగ్గరే చాలంది, ముద్దయింది.
త్రాసుని అనుమానించాను, బ్యూరెట్‌ని,
సీసామీది కంపెనీ పేరుని, చివరికి నా వేళ్ళని.
మూడో రాత్రి తెలిసింది.
మూత బిగించని డబ్బాలో
ముసురుగాలి నాకంటే ముందే తడి పెట్టేసింది.
ఎవరో చీకట్లో తూము ఎత్తి వెళ్ళినట్టు
నా చేను నిండా అప్పటికే గోదావరి.

ఎండబెట్టాను. వేడి ఆరకముందే మూత బిగించాను.
నాలుగోసారి
చుక్క పడగానే సన్నటి చిటపట.
దాహమంటే ఇలా వినబడుతుందని అప్పుడే తెలిసింది.

తర్వాత కొలిమి, అయిదువందల డిగ్రీలు.
తొందరపడి ఇంకా పెంచితే నీలం తిరుగుతుంది.
చూడ్డానికి ఎంత బావుంటుందో!
కోబాల్టు నేలలో ఇరుక్కుపోయి
ఇక లేచి పనిచెయ్యదని దానర్థం.

నాన్న ఇరవయ్యారేళ్ళు
కోటిపల్లి రేవుకీ ముక్తేశ్వరం రేవుకీ మధ్య
పంటు ఇంజను నడిపాడు.
తువ్వాలుకి అంటిన నలుపు మసిది, గంధకానిది కాదు.
అబద్ధం రాయను.
రాత్రిళ్ళు ఆయన గొంతులో గీరుకునే మంటలో మాత్రం
గంధకం వాటా ఉంది.
ఎంతని అడిగితే చెప్పలేను.
థీసిస్‌లో ఆ పట్టికకి చోటు లేదు.

ఇక మిగిలిన పని ఎవరికి చెప్పినా నవ్వుతారు.
గంధకం తీసే మందుకి
ముందు గంధకమే తాగించాలి.
హైడ్రోజన్‌తో కలిపి పంపితే గది గుప్పుమంది,
పాటు వేళ కోరంగి మడ బురదలా.
ముక్కు మూసుకోని మనిషి పల్లాలమ్మ ఒక్కతే.
పీతలకోసం ఆ బురదలోనే పెరిగిందట.
తెల్లటి చేను నల్లగా మారింది.
అప్పుడు డీజిల్ వదిలాను.

తెల్లవారుజామున గొట్టం చివర
సీసం ఉప్పులో తడిపిన కాగితం ముక్క పెట్టాను.
అంచు ముందు గోధుమరంగు తిరిగింది,
ఆనక కాటుక.
పల్లాలమ్మ చీపురు పట్టుకునే వంగి చూసింది.
"నల్లబడింది. మళ్ళీ చెడిందా?"

"లేదు. బయటికొస్తోంది."

ఆవిడ ఆ కాగితాన్ని ఇంకాసేపు చూసింది.
తర్వాత వెళ్ళి
మూతపడని కిటికీ సందులో
పాత గుడ్డ ఒకటి కుక్కింది.