ప్రయాణానికి యోగ్యం

మూఢం మొదలైన మర్నాడు
పప్పల సూరిబాబు గుర్రాన్ని నడిపించుకుంటూ
ఆచంట పశువుల ఆసుపత్రికొచ్చాడు.
అడిగింది మందు కాదు, కాగితం.

"చిన్న సంతకమండీ. బండెక్కించాలి."
ఎక్కడికన్నాను.
"ఆకివీడు అవతలికండీ."
అని, తన కాళ్ళకేసి చూసుకున్నాడు.

ఆకివీడు అవతల గుర్రాలకేం పని ఉంటుంది?
క్యాట్‌ఫిష్ చెరువులున్నాయి.
వాటికి మేత
రాత్రిపూటే వేస్తారు.

జీను పడేచోట వెంట్రుకలు తప్పించి చూశాను.
కాల్చిన ముద్ర. రెండంకెలు, పైన ఒక అక్షరం.
అంటే ఎవరో దీని పుట్టుక రాసి పెట్టుకున్నారు,
తల్లి పేరు, తండ్రి పేరు, వాళ్ళ తాతల పేర్లు.
నా ముత్తాత పేరు నాకే తెలీదు.
"మలక్‌పేటలో మూడు పందేలు గెల్చిందంటండీ.
ఏదో ఇంగ్లీషు పేరు. కాగితం ఉండేది,
వానకి తడిసిపోయింది. మేం బంగారీ అంటాం."

ముందు కాలి నరం అరటి దవ్వలా ఉబ్బింది.
వేలితో నొక్కాను.
చర్మం వణికింది. గుర్రం కదల్లేదు.
నాలుగేళ్ళు, తారు రోడ్డు మీద, డీజే పెట్టెల వెనకాల,
చెవుల్లో దూది కుక్కించుకుని
పెళ్ళికొడుకుల్ని మోసింది.
వాళ్ళ చేతుల వణుకు కళ్ళెంలోంచి నోటికి తెలిసేది కాబోలు.

ఇక్కడే నిద్రపుచ్చేద్దాం, ఇంజక్షన్ నేనిస్తానన్నాను.
సూరిబాబు చాలాసేపు మాట్లాడలేదు.
"మరి పాతేదెక్కడండీ?
నాకున్నది రెండు సెంట్ల ఇల్లు.
ఎవరి చేలో పాతనిస్తారు?
నాలుగడుగులు తవ్వితే నీళ్ళే కదండీ,
తేలిపోద్ది."

నిజమే. ఇంత నీటి మీద కూర్చున్న నేల
వరికి చోటిస్తుంది, రొయ్యకి ఇస్తుంది,
నాలుగు క్వింటాళ్ళ చావుకి ఇవ్వదు.

అతను తిట్టదగ్గ మనిషైతే నాకు తేలికయ్యేది.
లోపలికి తెచ్చే ముందు
బోరింగు కొట్టి దాని కాళ్ళు కడిగాడు.
మూడు నెలలు పెళ్ళిళ్ళుండవు.
రోజుకి నాలుగొందలు, ఉలవలకీ గడ్డికీ.
వాడు ఇస్తానన్నది పద్దెనిమిది వేలు,
కిలో లెక్కన.

ఫారం తీశాను.
ప్రయాణానికి యోగ్యమా, కాదా అని అడుగుతుంది ఫారం.
ఏ ప్రయాణమో అడగదు.

అప్పుడు పక్కనున్న హైస్కూల్లో
ఇంటర్వెల్ బెల్లు కొట్టారు.

బంగారి తలెత్తింది.
చెవులు రెండూ ముందుకి.
బరువంతా వెనక కాళ్ళ మీదికి తీసుకుంది,
ఆ ఉబ్బిన కాలు కూడా నేలని వెతుక్కుంది.
తలుపు తెరుచుకోవాలి ఇప్పుడు.
ఎదురుగా ఆసుపత్రి గోడ,
గాలికుంటు టీకాల పోస్టరు.
పిల్లలు అరుచుకుంటూ బయటికి పరిగెత్తారు.
మెల్లిగా, ఒక్కో కాలి మీదికీ బరువు పంచుకుని
మళ్ళీ పెళ్ళిగుర్రమైపోయింది.

యోగ్యం కాదు, అని రాశాను.
ముద్ర వేశాను. కార్బన్ కింద ఇంకోసారి పడింది.
సూరిబాబు వాదించలేదు.
కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి
చొక్కా జేబులో పెట్టుకుని, దణ్ణం పెట్టి వెళ్ళాడు.
ఆ సాయంత్రం నాకు అన్నం సహించింది.
అది చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గు.

మర్నాడు పదింటికి కుర్రాడొచ్చాడు, ఖాదర్ వలీ,
దానికి దాణా పెట్టేవాడు.
"తాడు మర్చిపోయామండీ."
కిటికీ ఊచకి కట్టినది అలాగే ఉంది.
గుర్రమేదిరా అన్నాను.
వాడు ముడి విప్పుతూ,
నా వైపు తిరక్కుండానే,
"మూఢం వెళ్ళాక కొత్తది వస్తదంటండీ.
ఈసారి తెల్లదంట."

ముడి గట్టిగా బిగుసుకుంది.
పళ్ళతో విప్పాడు.