ఎడమ వైపు తిరిగి

"నిశ్వాస నిఅంతు" అన్నాను అలవాటుగా.
దండాసి ఊపిరి వదిలేశాడు.
ఒడియాలో అది తీసుకునే గాలి,
తెలుగులో విడిచే గాలి.
బరంపురం పెద్దాసుపత్రి ఎకో గదిలో
రోజుకు పదిసార్లైనా ఈ పొరపాటు.
"తెలుగోలేనేటి?" అన్నాడు, గాలి సగంలో ఆపి.

పర్లాకిమిడి నుంచి మొదటి బస్సు.
ముప్ఫై ఏళ్ళుగా గేదెకొమ్ము అరగదీసి
కొంగలు, దువ్వెనలు, మీసాల రొయ్యలు.
ఏడాదిగా ఆయాసం.
ఊపిరితిత్తుల్లో కొమ్ముపొడి అన్నారొకరు,
ఉబ్బసం అన్నారు ఇద్దరు.
పీల్చే మందులు మూడు సంచిలోంచి తీసి
నా బల్ల మీద వరసగా పెట్టాడు,
అమ్మకానికి పెట్టినట్టు.

"కూకుంటే బాగుంటాదమ్మా.
ఎడంపక్క ఒత్తిగిల్తే
ఎవుడో తలుపేసినట్టుంటాది."

ఆ మాట ఏ చీటీలోనూ లేదు.

ఎడమ వైపే తిప్పి, చల్లటి జెల్ రాసి
ప్రోబ్ ఆనించాను.
తెర మీద, ఎడమ పై గదిలో,
తొడిమకు వేలాడుతూ
తాటిముంజెంత ఒకటి.
కవాటం తెరుచుకున్న ప్రతిసారీ కిందికి జారి
మూసుకోబోతుంటే వెనక్కి.
నిజంగానే తలుపు. నిజంగానే ఎవడో.
పదకొండేళ్ళ ఉద్యోగంలో
పుస్తకం బయట దీన్ని చూడలేదు నేను.
నా చెయ్యి వణికితే తెరంతా వణికింది.
"కదలకమ్మా, నానే కదల్నేదు" అన్నాడు.

డాక్టర్ సుచరితా మహంకుడ
నలభై నిమిషాలు ఆ గుండెను ఆపి ఉంచారట.
ముంజె చిదమకుండా,
ముక్క తెగి మెదడు దాకా ఈదకుండా,
తొడిమతో, తొడిమ పుట్టిన గోడతో సహా
రూపాయి బిళ్ళంత కోసి తీశారు.
కంతకి గుండె మీది పొరనే కత్తిరించి అతుకేశారు.

వార్డులో ఇదంతా విడమరిచి చెబితే
అతను మెచ్చుకున్నది ఒక్కటే:
"అతుకు అదే కొమ్ములోంది ఎయ్యాల.
పరాయి కొమ్మయితే రంగు కలవదు."

మూడు నెలలకు మళ్ళీ వచ్చాడు.
కండక్టరు చిల్లరివ్వలేదని విసుక్కుంటూనే పడుకున్నాడు.
ఖాళీ గది.
కవాటం రెక్కలు రెండూ
అడ్డేమీ లేక తెరుచుకుని, మూసుకుని.
కొలతలు రాసి ఇటు చూద్దును కదా,
ఎడమ వైపు ఒత్తిగిలే
గురక.

బయట పన్నెండో నంబరువాళ్ళు
రెండు భాషల్లో తలుపు బాదుతున్నారు.
ఇంకో కొలత మిగిలినట్టు
ప్రోబ్ అక్కడే ఉంచాను.