మత్రాలో మొదటి పూట

తొమ్మిదింటికే గొడుగు వేసుకుని బయల్దేరాం
నేనూ మా వదిన ఇందుమతీ.
వానకి కాదు, ఎండకి.
మస్కట్ పటాన్ని తిరగేసి పట్టుకున్నామని
మూడో సందులో మేక అడ్డం నిలబడ్డాక తెలిసింది.

ఎడంపక్క ఉండాల్సిన సముద్రం కుడిపక్కన ఉంది.
"మనమే వెనక్కి తిరుగుదాం, దానికేం పోయింది"
అంది వదిన.

చేపల మార్కెట్లో వంజరాన్ని చూసి
బేరమాడేసింది, తెలుగులోనే.
అవతలివాడు అరబ్బీలో తగ్గించాడు.
కొని ఏం చేస్తాం? హోటల్ గదిలో పొయ్యి లేదు.
సిగ్గుపడి పక్క కొట్లో
చెరో కిలో ఖర్జూరం కొన్నాం.

ఊరంతా సాంబ్రాణి పొగ.
పేరు తెలియని వీధిలో
తలంటిన పసిపిల్లల వాసన.

కాఫీ కొట్టు వెనక
గ్లాసులు కడుగుతున్న మనిషి తలెత్తి
"మనోళ్లేనా?" అంది.
మంగతాయారు. మలికిపురం.
పదకొండేళ్లు.
కోటకి దారి చెప్పింది,
నీళ్లసీసా ఇచ్చి డబ్బులు తీసుకోలేదు.
"పైన ఏముంటుందండీ?"
అనడిగింది, మమ్మల్ని.

ఎక్కాం.
గాలి. ఫిరంగులు. వదిన మోకాళ్లు.
కింద ఓడలు,
కొండల మధ్య ఇరుక్కున్న తెల్లమేడలు.

దిగొచ్చేసరికి
చేతులు సగం తుడుచుకుని నిలబడి ఉంది.
ఫోటోలో మా మొహాల్ని పక్కకి నెట్టి
రెండు వేళ్లతో ఊరిని పెద్దది చేస్తూ, చేస్తూ
తను పడుకునే గది కిటికీ కోసం వెతికింది.

"ఇదేనేమో. నీళ్లట్యాంకుందిగా పక్కన."

వేళ్ల తడికి తెర మసకేసింది.
వదిన చెంగుతో తుడిచి
మళ్లీ చూపించింది.