చదరం

నాలుగు ఇనుప కడ్డీలు, నాలుగు మూలల వెల్డింగు.
లోపల ఒక చదరపు మీటరు ఏమీ లేనితనం.
రాజేంద్రనగర్ నుంచి పర్వతాపూర్ దాకా
రెండు బస్సులు మారి మోసుకొచ్చిన.
"కిటికీ చట్రమా తమ్మీ?" కండక్టరు అడిగిండు.
అవునన్న.
దీంట్లకెల్లి నేలను చూస్తమంటే
దీనిక్కూడ టికెట్టు కొట్టేటోడేమో.

మూసీ ఒడ్డున అండాలు గడ్డిచేను.
ఆరెకరాల కౌలు, పదకొండు బర్లు,
పట్నం కడుక్కున్న నీళ్లు తాగి
నడుము దాకా లేచిన పారాగడ్డి.
సబ్బు వాసన, దాని కింద
పేరు పెట్టబుద్ధిగాని ఇంకో వాసన.
పాలకు మాత్రం రాలే. తాగి చూసిన.

పద్ధతి ఇది:
కండ్లు మూసుకొని భుజం మీదికెల్లి వెనక్కి ఇసరాలె.
ఎక్కడ పడితే అక్కడే కొయ్యాలె.
మంచి జాగ ఏరుకోవద్దు, చెడ్డ జాగ దాటిపోవద్దు.
మందను తోలకముందు ఒకసారి, మలిపినంక ఒకసారి.
కోసింది సంచిలకు, సంచి కాంటా మీదికి,
ఆడికెల్లి ల్యాబుల పొయ్యిలకు.
తడి ఇగిరిపోయి మిగిలేదే లెక్క.
మొదటి దాంట్లకెల్లి రెండోది తీసేస్తే
బర్లు తిన్నది.

పాతికసార్లు ఇసిరిన.
మేయకముందు మీటరుకు నాలుగు వందల ఎనభై గ్రాములు,
మేసినంక రెండు వందల ఇరవై.
"నూటికి యాభై నాలుగే అండాలక్కా,"
పరీక్ష పేపర్లు పంచే సారు గొంతుతోటి చెప్పిన,
"సగం గడ్డి ఉత్తగ పోతున్నది."

ఆమె కొడవలి కొనతోటి చూపెట్టింది.
పేడ పడ్డ కాడ చుట్టూ గుండ్రంగ
చేనంతట్ల ముదురు పచ్చ, మూతి తాకని గడ్డి.
"నా పేడల మొలిచింది నేను తిననంటది బర్రె.
మలిసారికి అదే ముందుగాల తింటది.
ఇగో, ఈడ వంకరకొమ్ముది పండుకున్నది.
ఈడ దూడ దునికింది.
దీన్ని ఏ గడిల రాస్తవ్?"
దూడ దునికిన గడి లేదు నా కాగితంల.
తొక్కుడు అని రాసిన.

ఆమెకు కొలతలు లేవని కాదు.
మోకాలు మునిగితే తోలుతది,
చీలమండ తేలితే మలుపుతది.
పాలక్యాను లోపల మొలతోటి గీసిన గీత ఒకటి,
పాలు దానికి కిందికైతే
ఆ రాత్రి గడ్డికే తిట్లు.
గడ్డిమండిల మహమూద్ భాయి
మోపును చెప్పుకాలుతోటి ఒక్క తన్ను తన్ని
ఇంత నీళ్లు, ఇంత మేత అంటడు.
పొయ్యిల ఎండబెట్టి చూసిన.
పిడికెడు తేడా.

ఇరవై ఆరోసారి ఇసిరినప్పుడు
గడ్డిల పడ్డ చప్పుడు రాలే.
ఖణ్.
కండ్లు తెరిస్తే చదరం నడుమ
సున్నం కొట్టిన రాయి,
దాని నెత్తిన ఎర్రగ నూట పద్నాలుగు.

"మొన్న పాతిండ్రు," అన్నది అండాలు.
"వాళ్లది గజాల లెక్క. నీ మీటరు గజం కంటె పెద్దదా?"
"జెరంత."
"అయితే నువ్వే ఎక్కువ కొలుస్తున్నవ్."
నవ్వింది. నవ్వాల్నో వద్దో నాకు తెలువలే.

"ఇంకోతాన ఇసురు రాదు, మీ సారు తిడతడు."
ఎక్కడ పడితే అక్కడే అక్కా.
రాయి మొదట్ల మొలిచిన నాలుగు పోచలు కోసిన,
నలభై గ్రాములు గూడ కాలే.
సంచి మీద నంబరు రాసుడు కాడ ఆగిన:
ఇరవై ఆరు రాయాల్నా, నూట పద్నాలుగా?

పొద్దుగూకింది. మెట్రో దిక్కు దీపాలు పడ్డయి.
వంకరకొమ్ముది వచ్చి రాయికి మెడ రాసుకున్నది,
అటు, ఇటు, మళ్ల అటు,
అందుకోసమే ఎవరో పాతినట్టు.
నల్లటి మెడకు తెల్లటి సున్నం పట్టీ ఏసుకొని
పాలు పిండే దిక్కు నడిచింది.

ఆ పూట క్యానుల
గీతకు రెండేళ్ల మీదికి పాలు.
దాన్ని ఎవరూ ఎక్కడా రాసుకోలే.