కొలతల చీటీ

బరేలీ పాతబస్తీలో మా మేడగదికి ఒకటే కిటికీ.
వెలుతురు ఎటు జరిగితే అటు
మగ్గం చట్రాన్ని ఈడ్చుకుంటాం నేనూ కనీజూ,
మంచం మీది రోగిని ఒత్తిగిలబెట్టినంత జాగ్రత్తగా.

చట్రం మీద బిగించిన దానిమ్మరంగు పట్టు.
ఇంకా జాకెట్టు కాదది.
సుద్దతో గీసిన రెండు చేతులు, ఒక వీపు, రెండు ముందు ముక్కలు,
విడివిడిగా ఒక మనిషి.

ఆ మనిషి పేరు మాకు తెలీదు.
ఢిల్లీ దుకాణం పంపే చీటీలో అంకెలే ఉంటాయి.
కనీజు చదివితే నేను వింటాను.
ఛాతీ ముప్ఫయ్యారు. చెయ్యి పదకొండు. వీపు మెడ తొమ్మిది లోతు.
కుడిభుజం అరంగుళం దిగువ.
"బరువు సంచీ మోసే భుజం," అంది కనీజు.
"పంతులమ్మ అయ్యుంటుంది."
ఆ రోజంతా మా పెళ్ళికూతురు
బడికి వెళ్ళి వచ్చింది.

బియ్యపుగింజ ముత్యాలు, ఆవగింజ ముత్యాలు,
గిన్నెలో పోస్తే వాన మొదలైన చప్పుడు.
పట్టు కింద దారం అందించే చెయ్యి గుడ్డిది.
పైచెయ్యి దాన్ని నమ్ముతుంది.
ముప్ఫై ఏళ్ళుగా అంతే.

రంజాను వెళ్ళాక రెండో చీటీ.
ఛాతీ ముప్ఫైమూడు.
"పెళ్ళికని కడుపు మాడ్చుకుంటోంది పిచ్చిది!"
సగం కుట్టిన ముత్యాలన్నీ విప్పాం.
విప్పడానికి కూలి లేదు.
ఒక పూటంతా ఆమెను తిట్టాను,
నోటికొచ్చినట్టు, నోట్లో దారం పెట్టుకునే.

మూడో చీటీలో అంకెలు మారలేదు.
కింద ఇష్తియాక్ మాస్టారి చేతిరాత, ఎన్నడూ లేనంత పొందికగా ఉందట:
ఎడమవైపు డార్టు వద్దు.
లోపల మెత్త పెడతారు.
ఆ వైపు పని కాస్త ఒత్తుగా.

కనీజు నా మొహం చూడకుండా చదివింది.
కింద వీధిలో ఎవరో
గాలిపటాల దారానికి గాజుపొడి పూస్తున్నారు.
"మరి పెళ్ళి?" అన్నాను.
"వద్దని రాయలేదుగా," అంది.

ఒత్తుగా అంటే ఎంత?
దానికి అంకె లేదు.
ముత్యానికీ ముత్యానికీ మధ్య సూది దూరనంత దాకా కుట్టాం.
ఎప్పుడూ పట్టించుకోని లోపలివైపు
నా గుడ్డిచెయ్యి తడుముతూ వెళ్ళింది.
బయట ముత్యాలు ఊరివాళ్ళవి,
ముడులు ఆమె ఒంటివి.
ఒక్కోదాన్ని గోటితో అణిచి పక్కకు ఒదిగించాను.
కనీజు తన పాత మల్‌మల్ ఓణీ,
ఉతికి ఉతికి వెన్నలా అయినది,
పర్రున చింపి లైనింగు కింద వేసింది.
మాస్టారి లెక్కలో అది లేదు, మేమూ చెప్పలేదు.

ముత్యాలు విప్పడం చేతనవును నాకు.
ఆ పూట తిట్లు ఎక్కణ్ణుంచి విప్పాలో
ఇప్పటికీ కొస దొరకలేదు.

పంపేముందు కనీజుని ఇంకోసారి చదవమన్నాను
చీటీ మొత్తం, మొదటినుంచి.
కుడిభుజం
ఇంకా అరంగుళం దిగువే.