తలుపు తెరిచినంత సేపు

కువైట్‌లో, షర్క్ వైపు, సముద్రానికి ఎదురుగా
ముప్పై నాలుగు అంతస్తుల అద్దం.
ఎండ లోపలికి రాకూడదని దానికి పూత పూశారు.
ఎండ ఆగింది. దాంతో పాటు ఫోనూ ఆగింది.
ఎవరు పిలిచినా ఆ పిలుపు
గోడకు తల కొట్టుకుని వెనక్కి పోయేది.

అందుకని మేం వచ్చాం.
సీలింగు పలకల వెనక తీగలు లాగి
బోర్లించిన గిన్నెల్లాంటి తెల్లటి ఆంటెనాలు బిగించాం.
మీరేమీ కొనక్కర్లేదు, అన్నాడు మా సేల్సు మేనేజరు.
నీళ్లలాగా, ఏసీ చల్లదనంలాగా
సిగ్నలుకూ నెలకింతని కడితే చాలు.
చదరపు మీటరుకు ఇన్ని ఫిల్సులు.

నా పని నడవడం.
కర్రకు నాలుగు ఫోన్లు కట్టుకుని
గది గదికీ, మూల మూలకీ.
తెర మీద అంకెలన్నీ మైనస్సులే.
మైనస్ డెబ్బై అయితే మహారాజు.
మైనస్ నూట ఇరవై అయితే మనిషి లేనట్టే.
రాజంపేట బట్టల కొట్లో బాకీల పుస్తకం రాసినోణ్ణి,
ఈ లెక్క నాకు ఎవరూ నేర్పక్కర్లేదు:
మైనస్ ఎంత తగ్గితే అంత నిద్ర.

ఒప్పందం చివరి కాగితంలో చోట్ల పట్టీ ఉంటుంది.
లాబీ, లిఫ్టులు, ఆఫీసులు, నమాజు గది,
పెద్దవాళ్ల కార్లుండే మొదటి సెల్లారు.
రెండోది సగం.
మూడోది లేదు.
అందులో నీళ్ల పంపులు, చెత్త బండ్లు,
తుడిచే ఆడవాళ్లు యూనిఫాం మార్చుకునే ఇరుకు గది.
"అక్కడ ఎవరుంటారు?" అన్నాడు బిల్డింగు మేనేజరు ఫాదీ.
అది ప్రశ్న కాదు.

మార్చిలో ఆయనే పిలిపించాడు.
ఆరో నంబరు లిఫ్టు రోజుకు రెండు వందల సార్లు
ఖాళీగా మూడో సెల్లారుకు దిగుతోంది,
ఎవరూ ఎక్కరు, ఖాళీగానే పైకి పోతోంది.
మీ తీగలేమైనా దాని తీగలకు తగిలాయా, చూడు.

దిగాను.
లిఫ్టు ముందు ఐదుగురు, ఫోన్లు ముందుకు చాపి,
కొళాయి కింద బిందెలు పెట్టినట్టు.
తలుపు తెరుచుకుంది. ఎవరూ కదల్లేదు.
లిఫ్టు పెట్టెలో మేం బిగించిన ఆంటెనా నుంచి
పదకొండు సెకన్ల పాటు
గచ్చు మీదికి ఒలికింది సిగ్నలు.
టింగు. టింగు. టింగుటింగు.
తలుపు మూసుకుంది.

లక్కిరెడ్డిపల్లె హుస్సేనమ్మ గోడకానుకుని
వచ్చింది చదువుకుంది, జవాబు కొట్టింది,
మళ్లీ మీట నొక్కింది.
"వచ్చేదానికో లిఫ్టు, పోయేదానికో లిఫ్టు, నాయనా.
మాట్లాడేది మాత్రం కాదు.
బాగుండావా అనేలోపల తలుపు పడిపోతాది.
అందుకే బాగుండావా అనేది మానేసినాము.
నేరుగా డబ్బుల సంగతే."

మా భాషలో దీని పేరు లీకేజి.
లోపమని రాయాలి, ఆపాలి.
నేను కొటేషను పెట్టాను:
ఒక ఆంటెనా, నలభై మీటర్ల తీగ, నెలకు పదిహేడు దీనార్లు.
ఫాదీ చదివాడు, మడిచాడు,
దాని మీద టీ గ్లాసు పెట్టాడు.

లిఫ్టు కంపెనీ షాజీది త్రిశూరు.
ఎందుకని అడగలేదు. పానెలు తెరిచి
ఆ ఒక్క అంతస్తుకు
పదకొండు చెరిపి నలభై పెట్టాడు.
తీగల్లో తప్పు లేదని నేను రిపోర్టు రాశాను. నిజమే కదా.
ఖాళీ తిరుగుళ్లు సగానికి పడిపోయాయి.
ఫాదీ నా భుజం తట్టాడు.
ఆ నలభై సెకన్లు ఏ చదరపు మీటరులోకీ రావు.

నిన్న మళ్లీ కిందికి పోయాను, కర్రతో.
"ఈ సిగ్నలు మీ కంపెనీదేనంట గదా," అంది హుస్సేనమ్మ.
మంచి మాటేదో వస్తుందని నిలబడ్డాను.
"పైన దొరలు మీకు కడతాండారు, సరే.
మరి నెలనెలా నేనేసే ఐదు దీనార్ల రీచార్జి
దేనికి కడతాండట్టు?"

నాలుగు ఫోన్లున్నాయి నా దగ్గర. ఒక్కదాంట్లోనూ జవాబు లేదు.
ఇంతలో లిఫ్టు వచ్చింది.
ఉండు, అన్నట్టు నాకు వేలు చూపించి
ఫోను చెవికి ఆనించుకుంది:
"ఆ, బాగుండా. నువ్వు? నువ్వు బాగుండావా?"

సగం సేపు దానికే పోయింది.